లాఖ్ ఆఫ్రిక్ చుట్టూ మౌంటెన్ బైక్: 18 కిలోమీటర్లకు ఒక రోజు ఎందుకు పడుతుంది?

మీరు అడిగింది ఇదీ: గ్లాస్గోలో చదువుతున్న ముగ్గురు స్నేహితులు, జూలైలో స్కాట్లండ్ ఉత్తరాన కొండలుండే హైలాండ్స్‌లో ఏదైనా సరస్సు చుట్టూ మౌంటెన్ బైక్ మీద ఒక రౌండు కొట్టాలనుకుంటున్నారు. మ్యాపులో లాఖ్ ఆఫ్రిక్ నచ్చింది (లాఖ్ అంటే ఇక్కడి మాటలో సరస్సు). 18 కిలోమీటర్లే కాబట్టి రెండు గంటల్లో ముగించి, అదే రోజు లాఖ్ నెస్ కూడా చూసి రాత్రికి గ్లాస్గో చేరాలని ప్లాన్. ఇద్దరి దగ్గర హైబ్రిడ్ సైకిళ్లు, అంటే రోడ్డుకీ మామూలు దారికీ పనికొచ్చే సన్న టైర్లవి, ఉన్నాయి. మూడో ఆయన వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో తొక్కినవాడు. పర్మిషన్ తీసుకోవాలా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. రెండు గంటల్లో అవ్వదు, నాలుగైదు గంటలు పెట్టుకోండి. హైబ్రిడ్ సైకిళ్లు ఇంట్లోనే ఉంచండి. పర్మిషన్ అక్కర్లేదు. గ్లాస్గో నుంచి ఇన్వర్నెస్‌కే రైల్లో మూడు గంటలు దాటుతుంది, అక్కడి నుంచి ఇంకా లోపలికి వెళ్లాలి. కాబట్టి అదే రోజు వెళ్లి రావడమన్న మాట మర్చిపోండి. ఒక రాత్రి దారిలో వచ్చే ఊళ్లు డ్రమ్‌నడ్రాకిట్‌లోనో కానిఖ్‌లోనో ఉండండి. డ్రమ్‌నడ్రాకిట్ ఎలాగూ లాఖ్ నెస్ పక్కనే.

నేను ఇన్వర్నెస్ వైపు చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఈ లూప్‌ని ఎండలోనూ వానలోనూ తొక్కాను. కొత్తగా వచ్చేవాళ్లు తరచూ దెబ్బతినేది దూరం దగ్గర. ఇక్కడ కిలోమీటర్లు చూసి టైం లెక్క వేయకూడదు, చక్రం కింద ఏముందో చూసి వేయాలి. లాఖ్ ఆఫ్రిక్ దక్షిణపు ఒడ్డున ఉన్నది జీపులు తిరిగే గతుకుల మట్టిదారి. ఉత్తరపు ఒడ్డున ఉన్నది మనుషులు నడిచే కాలిబాట. రెండూ దాదాపు సమానమైన పొడవే. మొదటి సగానికి గంట, గంటంబావు పడితే, రెండో సగానికి రెండు, రెండున్నర గంటలు పడుతుంది. బాగా తొక్కేవాళ్లకి ఇంతకన్నా చాలా తక్కువే పడుతుందనుకోండి, కానీ మొదటిసారి వెళ్లే ముగ్గురికి ఇదే న్యాయమైన లెక్క.

దారి ఎలా ఉంటుందో చెప్తాను. ఇన్వర్నెస్ నుంచి డ్రమ్‌నడ్రాకిట్, అక్కడి నుంచి కానిఖ్. కానిఖ్ దాటాక సన్నటి సింగిల్ రోడ్డు అడవిలోంచి పోతూ, డాగ్ ఫాల్స్ దాటి, లాఖ్ బెన్ ఎ వెయన్ అనే ఇంకో పెద్ద సరస్సు ఒడ్డున సాగి, చివరికి రివర్ ఆఫ్రిక్ కార్ పార్క్ దగ్గర ఆగిపోతుంది. ఈ రెండో సరస్సుకి ఆనకట్ట ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కట్టిన జలవిద్యుత్ పథకంలో భాగం అది, నీళ్లు సొరంగంలోంచి ఫాస్నకైల్ పవర్ స్టేషన్‌కి వెళ్తాయి. లాఖ్ ఆఫ్రిక్‌ని మాత్రం ముట్టుకోలేదు. అందుకే దాని ఒడ్డున, నీటిమట్టం ఎక్కి దిగే రిజర్వాయర్లకు ఉండే బోడి చార కనిపించదు, చెట్లు నీటి దాకా దిగి ఉంటాయి.

ఆ సింగిల్ రోడ్డు మీద అక్కడక్కడా పాసింగ్ ప్లేసులు, అంటే ఎదురుబళ్లు తప్పుకోవడానికి వెడల్పు చేసిన చోట్లు, ఉంటాయి. ఎదురుగా బండి వస్తే ఎడమ పక్కన ఉన్నదాంట్లోకి జరగాలి, కుడి పక్కన ఉంటే దానికి ఎదురుగా ఆగాలి. ఫోటోల కోసం వాటిలో కారు పార్క్ చేయకండి. మీలో ఎవరైనా ఇండియా లైసెన్స్ మీద నడిపేట్టయితే, వచ్చిన ఏడాది దాకే అది చెల్లుతుందని గుర్తుంచుకోండి. కార్ పార్కులో డబ్బు కట్టాలి, టాయిలెట్లు ఉంటాయి, కొట్టు మాత్రం లేదు. నీళ్లు, తిండి కానిఖ్‌లోనే సర్దుకోండి. లోయ లోపల ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, ఎటు నుంచి ఎటు తిరగాలి? గడియారం ముల్లు దిశలో తిరగండి. అంటే ముందు దక్షిణపు ఒడ్డు వెంట పడమరకి, తర్వాత ఉత్తరపు ఒడ్డు మీదుగా తూర్పుకి. ఇటు నుంచి తొక్కినా అటు నుంచి తొక్కినా మజా ఉందనేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ కొత్తవాళ్లకి ఈ దిశే మంచిదని చెప్పడానికి నాకు గట్టి కారణాలు ఉన్నాయి. ఈ లోయ పడమర నుంచి తూర్పుకి పరుచుకుని ఉంది, స్కాట్లండ్‌లో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచే వీస్తుంది. వెడల్పాటి దారి మీద ఎదురుగాలి ఉంటే తల వంచుకుని తొక్కేయొచ్చు. రాళ్ల మధ్య బ్యాలన్స్ చూసుకుంటూ తొక్కేచోట అదే గాలి వెనక నుంచి తోస్తుంది. ఇంకొకటి, పడమటి చివర అత్నముల్లఖ్ చేరేసరికి మీ ఒంట్లో ఓపిక ఎంత మిగిలిందో, ఆకాశం ఎలా ఉందో తెలిసిపోతుంది. బాగోలేదనిపిస్తే వచ్చిన మట్టిదారినే వెనక్కి తిరిగొచ్చేయొచ్చు. ఎదురు దిశలో వెళ్తే ఈ నిర్ణయం తీసుకునే అవకాశం కష్టమైన భాగం గడిచాక గానీ రాదు.

కార్ పార్క్ నుంచి నది మీద వంతెన దాటి దక్షిణం వైపు దారి పట్టుకోండి. ఎక్కుతూ దిగుతూ ఉంటుంది గానీ పెద్ద చడావులు లేవు. మొదట్లో అంతా పాత పైన్ చెట్ల మధ్యే. స్కాట్స్ పైన్ అంటే క్రిస్మస్ చెట్టులా మొనదేలి ఉంటుందనుకోకండి. ముసలి చెట్లు పైన గొడుగులా విచ్చుకుని, కాండం పైభాగం నారింజ రంగులో మెరుస్తూ ఉంటాయి. ఒకప్పుడు హైలాండ్స్‌లో చాలా మేర పరుచుకున్న కలెడోనియన్ అడవిలో మిగిలిన ముక్కల్లో ఇదొకటి. నరికివేత ఒక దెబ్బయితే, మొలిచిన ప్రతి పిలకనూ దుప్పులూ గొర్రెలూ మేసేయడం రెండో దెబ్బ. 1950ల మొదట్లో ప్రభుత్వ అటవీ శాఖ చేతికి వచ్చాక కంచెలు వేసి దుప్పుల్ని బయట ఉంచితే, పాత చెట్ల గింజలే మొలకెత్తి అడవి మళ్లీ పెరిగింది. 2001లో దీన్ని జాతీయ ప్రకృతి రిజర్వుగా ప్రకటించారు. దారిలో గేట్లు వస్తే వాటిని ఉన్నవి ఉన్నట్టే వదలాలి. మూసి ఉన్న గేటు మీరు తీస్తే మీరే మూయాలి.

పడమరకి పోయే కొద్దీ చెట్లు పలచబడి, అత్నముల్లఖ్ దగ్గరికి వచ్చేసరికి కొండలు బోడిగా, లోయ విశాలంగా కనిపిస్తుంది. ఒకే లూప్‌లో రెండు రకాల స్కాట్లండ్ చూపించే చోట్లు నాకు ఎక్కువ తెలీవు. అత్నముల్లఖ్ అంటే ఊరు కాదు, ఒకటి రెండు పాత ఇళ్లు, ఒక వంతెన, అంతే. ఈ చుట్టుపక్కల ట్రీస్ ఫర్ లైఫ్ అనే సంస్థ స్వచ్ఛందులు మొక్కలు నాటారు. ఇక్కడ కూచుని తినేయండి. మీరు శాకాహారం గురించి అడగలేదు గానీ, అడిగినా అడక్కపోయినా నా సలహా పులిహోర. చల్లారినా బాగుంటుంది, సంచిలో నలగదు, ఉప్పూ పిండిపదార్థం రెండూ ఒంటికి అందుతాయి. ఇక్కడి నుంచి ఇంకా పడమరగా దారి ఆల్ట్‌బే యూత్ హాస్టల్ మీదుగా కింటేల్ దాకా పోతుంది. ఆ హాస్టల్‌కి రోడ్డే లేదు, నడిచో సైకిల్ మీదో రావాలి. అది ఇంకో ట్రిప్పు.

ఉత్తరపు బాట వంతెన దాటాక మొదలవుతుంది. చిన్న లాఖ్ కూలవీ పక్కగా ఎక్కి, ఆ తర్వాత పెద్ద సరస్సుకి కాస్త ఎత్తులో, కొండ వాలు మీదుగా సాగుతుంది. ఎడమ చేతి వైపు పైన మామ్ సోల్, కార్న్ ఐ అనే 1,180 మీటర్లు దాటిన కొండలు ఉంటాయి. అక్కడి నుంచి దిగే ప్రతి వాగూ మీ బాటని కోసుకునే సరస్సులో పడుతుంది. మీరు ఆలోచించాల్సింది ఈ వాగుల గురించే. అన్నిటి మీదా వంతెనలు ఉండవు. పొడి వారంలో రాళ్ల మీద అడుగులేస్తూ సైకిల్ ఎత్తుకుని దాటేస్తారు. రాత్రంతా కుండపోత కురిస్తే అదే వాగు తెల్లగా నురగలు కక్కుతూ తొడల దాకా వస్తుంది. ఇక్కడి కొండల మీద నీళ్లు పట్టి ఉంచే చెట్లు తక్కువ, అందుకే ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తగ్గుతుంది కూడా. పొంగిన వాగు దగ్గర సైకిల్ చేత్తో పట్టుకుని దిగడం ప్రమాదం. చక్రాలకి ప్రవాహం తగిలి సైకిల్‌తో పాటు మిమ్మల్నీ లాగేస్తుంది. ముందు రెండు రోజులు గట్టిగా వానలుంటే ఉత్తరపు బాట వదిలేసి దక్షిణం దారినే వెళ్లి రండి. పొద్దున ఎండ కాస్తున్నా సరే.

ఇక వాటర్ బార్లు. బాట మీద నీళ్లు నిలవకుండా అడ్డంగా తవ్వి, అంచుల్లో రాళ్లు నిలబెట్టిన కాలవలు ఇవి. చిన్నవి కావచ్చు, జానెడు లోతువీ కావచ్చు. పంక్చర్లు ఎక్కువయ్యేది, మనుషులు హ్యాండిల్ మీద నుంచి ముందుకి ఎగిరి పడేదీ ఇక్కడే. ఏటవాలుగా వెళ్తే ముందు చక్రం రాయి అంచున జారిపోతుంది. తిన్నగా, తొంభై డిగ్రీల్లో వెళ్లాలి. కాలవ రాకముందే బ్రేక్ పట్టి వేగం తగ్గించుకుని, సరిగ్గా దాటేటప్పుడు బ్రేక్ వదిలేసి, పెడల్స్ మీద లేచి నిలబడి, ముందు చక్రాన్ని కొంచెం తేలిక చేయాలి. మొదటి రెండు మూడింటి దగ్గర దిగి తోసుకుంటూ వెళ్లి చూడండి, తర్వాత చేతులకి అదే అలవాటవుతుంది. మీ అనంతగిరి ఫ్రెండ్‌కి పెడల్స్ మీద నిలబడటం, బరువు వెనక్కి వేయడం వచ్చే ఉంటాయి. కానీ అక్కడి పొడి గులకమట్టి మీద వచ్చిన అంచనా ఇక్కడ పనికిరాదు. అక్కడ జారితే ముందే సర్రుమని శబ్దం వచ్చి హెచ్చరిస్తుంది. ఇక్కడి తడి రాయి, అంతకన్నా ముఖ్యంగా తడి పైన్ వేర్లు, చెప్పా పెట్టకుండా పడేస్తాయి. వేరు మీద బ్రేక్ వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు.

బురద వస్తే పక్కనుంచి చుట్టి వెళ్లాలనిపిస్తుంది. వద్దు, మధ్యలోంచే వెళ్లండి. ఇది పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకుని నీళ్లు పట్టిన మెత్తటి నేల. ప్రతివాడూ పక్కకి జరిగితే బాట ఏడాదికేడాది వెడల్పై గాయంలా మారుతుంది. బూట్లు ఎలాగూ తడుస్తాయి, వాటిని కాపాడుకోవాలన్న ఆశ మొదటి వాగు దగ్గరే వదిలేయడం మేలు. ఉన్ని సాక్సులు వేసుకుంటే తడిసినా వెచ్చగా ఉంటాయి. వెనక చక్రం లాక్ చేసి జారించడం కూడా బాటని తినేస్తుంది, చూడ్డానికి ఎంత స్టైల్‌గా ఉన్నా.

సైకిల్ విషయం. ముందు ఫోర్కులో 120 నుంచి 140 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉండి వెనక లేని రకం, అంటే హార్డ్‌టెయిల్ చాలు, ఫుల్ సస్పెన్షన్ దొరికితే చేతులూ నడుమూ తక్కువ నొస్తాయి. టైర్లు 2.3 అంగుళాలకు తగ్గకూడదు. హైబ్రిడ్ ఎందుకు వద్దంటున్నానంటే, సన్నటి టైరులో గాలి ఎక్కువ కొట్టాలి, అప్పుడు రాయి మీద పట్టు ఉండదు. గాలి తగ్గిస్తే వాటర్ బార్ అంచుకి ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. రెండు విధాలా నష్టమే. ఇన్వర్నెస్‌లో మౌంటెన్ బైకులు అద్దెకి దొరుకుతాయి, జూలైలో ముందే బుక్ చేసుకోండి. షాపులోనే బ్రేక్ ప్యాడ్లు ఎంత మిగిలాయో చూపించమనండి. ఇక్కడి తడి ఇసుక రాపిడికి ప్యాడ్లు ఒక్క వాన రోజులో సగం అరిగిపోయినా ఆశ్చర్యం లేదు. ఈ-బైక్ కావాలంటే 250 వాట్ల మోటారుతో, గంటకి 15.5 మైళ్లు దాటాక సాయం ఆగిపోయే రకమైతే చట్టం దాన్ని మామూలు సైకిల్‌గానే చూస్తుంది. కాకపోతే దాన్ని ఎత్తుకుని వాగు దాటాలంటే ఇద్దరు కావాలి.

వెంట ఉంచుకోవాల్సినవి: రెండు ట్యూబులు, పంపు, టైరు లివర్లు, మల్టీటూల్, తెగిన చైనుని కలిపే క్విక్ లింక్, ఆ సైకిల్‌కి సరిపోయే స్పేర్ గేర్ హ్యాంగర్ (వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). ఈ చివరిదాన్ని షాపువాళ్లని అడిగి తీసుకోండి. రాయికి తగిలి అది వంగితే చక్రంలోకి గేరు దూరుతుంది, ఇక తోసుకుంటూ రావడమే. ల్యాండ్‌రేంజర్ 25వ నంబరు కాగితం మ్యాపు ఒకటి, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు ఒకటి. ప్రమాదం జరిగితే సిగ్నల్ దొరికిన చోట 999 కొట్టి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేది స్వచ్ఛంద దళం, డబ్బు తీసుకోరు. మాట వినిపించని చోట మెసేజ్ పంపే ఏర్పాటు కూడా ఉంది గానీ దానికి ఫోన్‌ని ముందే రిజిస్టర్ చేసుకోవాలి. ఇవాళే చేసేయండి, నిమిషం పని.

బట్టల గురించి ఒక్క మాట గట్టిగా. కాటన్ టీషర్టు, జీన్స్ వద్దు. హైదరాబాద్ వానలో తడిస్తే ఇంటికెళ్లి టీ తాగితే సరిపోతుంది. ఇక్కడ జూలైలో కూడా తడి బట్ట మీద గాలి కొడితే అరగంటలో వణుకు పుట్టి, చేతులు బ్రేక్ పట్టుకోలేని స్థితికి వస్తాయి. పాలిస్టర్ లేదా ఉన్ని, పైన నిజంగా నీళ్లు ఆపే జాకెట్, నిండు వేళ్ల గ్లౌజులు, సంచిలో పొడి స్వెటర్ ఒకటి. హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

జూలై అన్నారు కాబట్టి మిడ్జ్‌ల గురించి చెప్పాలి. మన నుసుముల సైజే ఉంటాయి, కానీ కుడతాయి, వందల్లో వస్తాయి. గాలి ఆడుతున్నంత సేపు, మీరు కదులుతున్నంత సేపు బెడద లేదు. ఆగి పంక్చర్ వేస్తున్నప్పుడు, సాయంత్రం గాలి పడిపోయినప్పుడు మొహం మీదకి దిగుతాయి. తలకి వేసుకునే సన్నటి వల ఒక్కొక్కరికి ఒకటి కొనండి, ఖరీదు తక్కువే. పిడుదులు ఇంకా ముఖ్యం. గడ్డిలో, ఫెర్న్ పొదల్లో నుంచి కాలికి పట్టుకుంటాయి. వాటిలో కొన్నింటి వల్ల లైమ్ అనే బాక్టీరియా జబ్బు వస్తుంది. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, గజ్జల్లో, నడుం పట్టీ కింద వెతకండి. దొరికితే నూనె పోయడం, కాల్చడం చేయొద్దు. మందుల షాపులో దొరికే చిన్న కొక్కెంతో చర్మానికి ఆనించి పైకి తీయాలి. తర్వాత వారాల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చ పెరుగుతుంటే డాక్టరుకి చూపించండి. నన్నడిగితే జూలై కన్నా మే రెండో సగం మేలు, రంగుల కోసమైతే అక్టోబరు చివర. కానీ మీకు సెలవులు అప్పుడే అయితే చేసేదేముంది. జూలైలో ఒక మంచి సంగతి, రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, టైం గురించి టెన్షన్ పడక్కర్లేదు.

పర్మిషన్ సంగతి. ల్యాండ్ రిఫార్మ్ స్కాట్లండ్ చట్టం, 2003 ప్రకారం ఇక్కడ ప్రైవేటు భూమి మీద కూడా బాధ్యతగా నడవడానికి, సైకిల్ తొక్కడానికి హక్కు ఉంది. ఇంగ్లండ్‌లో ఇలా కాదు, అక్కడ కాలిబాట అని రాసి ఉంటే సైకిల్‌కి హక్కు లేనట్టే. ఉత్తరపు ఒడ్డు ప్రైవేటు ఎస్టేటు. తూర్పు చివర ఆఫ్రిక్ లాడ్జ్ అనే పెద్ద బంగళా వస్తుంది. దాని పెరట్లోంచి కాకుండా, గుర్తులు చూపించే బాట మీదే వెళ్లండి. అక్కడి నుంచి కార్ పార్క్ దాకా మళ్లీ వెడల్పాటి దారే. ఆగస్టు నుంచి అక్టోబరు మూడో వారం దాకా దుప్పుల వేట ఎక్కువగా జరిగే కాలం, అప్పుడు వచ్చేట్టయితే బోర్డులు చూసుకుని బాట వదలకుండా వెళ్లాలి. నడిచేవాళ్లు ఎదురైతే ముందే వేగం తగ్గించి, హలో చెప్పి దారివ్వండి.

ఇంత విన్నాక హైబ్రిడ్‌లే తీసుకెళ్తాం, ఖర్చు తగ్గాలి అనుకుంటే లాఖ్ కాట్రిన్‌కి వెళ్లండి. గ్లాస్గోకి దగ్గర, 1859 నుంచి ఆ ఊరికి మంచినీళ్లు ఇస్తున్న సరస్సు. ట్రాసాక్స్ పియర్ నుంచి స్ట్రోనాక్లకర్ దాకా ఉత్తరపు ఒడ్డు వెంట 13 మైళ్ల తారురోడ్డు ఉంది, బయటివాళ్ల కార్లు రానివ్వరు. పూర్తి చుట్టు కాదు, అటు నుంచి పడవలో సైకిళ్లతో సహా తిరిగి రావచ్చు, వేళలు ముందే చూసుకోండి. కారు లేకపోతే లాఖ్ ఆషియన్ ఇంకో దారి: గ్లాస్గో నుంచి రైలెక్కి రోడ్డే లేని కోరూర్ స్టేషన్‌లో దిగితే, కాసేపట్లోనే సరస్సు చుట్టూ చక్కటి ఎస్టేటు దారి దొరుకుతుంది. రైల్లో సైకిల్‌కి ముందే చోటు రిజర్వ్ చేసుకోవాలి, డబ్బు తీసుకోరు. వీటిలో ఏదీ మౌంటెన్ బైకింగ్ కాదు గానీ రోజు మాత్రం బాగా గడుస్తుంది.

ఆఫ్రిక్‌కే అయితే మీ ముగ్గురి ఎత్తులు, ఎవరు ఎంత తొక్కారో, వెళ్లే తేదీలు ఇక్కడే రాయండి. ఏ సైజు ఫ్రేము అడగాలో, టైర్లలో గాలి ఎంత పెట్టాలో చెప్తాను.